చీకట్లో దొరికిపోయే టీవీ

2019 ఏప్రిల్ 29, సోమవారం. పొద్దున్నే ఆరున్నరకు మన దేశంలో చాలామంది ఆఫీసు హడావిడి పక్కనబెట్టి టీవీల ముందూ ఫోన్ల ముందూ కూర్చున్నారు. అమెరికాలో ఆదివారం రాత్రి తొమ్మిదికి హెచ్‌బీఓలో వేస్తున్న ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ఎపిసోడ్ ఇక్కడ హాట్‌స్టార్‌లో అదే సమయానికి వచ్చింది. పేరు ‘ది లాంగ్ నైట్’. 82 నిమిషాల నిడివి, దాదాపు అంతా రాత్రిపూట జరిగే యుద్ధమే. ఉత్తర ఐర్లండ్ చలిలో 55 రాత్రులు కష్టపడి తీశారు.

చూసినవాళ్ల ఫిర్యాదు మాత్రం దేశమేదైనా ఒక్కటే: ఏమీ కనపడలేదు. ఎవరు ఎవర్ని నరుకుతున్నారో అర్థం కాలేదు. మంచు తుపానులో బూడిదరంగు గళ్ళు ఏవో కదిలాయంతే. ఛాయాగ్రాహకుడు ఫాబియన్ వాగ్నర్ ఒప్పుకోలేదు. తాను తీసినది బాగానే ఉందని, జనం టీవీలను సరిగ్గా సర్దుకోరని, వెలుగున్న గదుల్లో కూర్చుని చూస్తారని అన్నాడు. అమెరికా వాళ్ళు కనీసం రాత్రిపూట చూశారు. మనం చూసింది కిటికీలోంచి ఎండ పడుతున్న వేళ.

నా లెక్కలో ఇరుపక్షాల మాటా నిజమే. సందేహం వేరే ఉంది. అదే టీవీలో క్రికెట్ పెడితే పచ్చిక పోచలు లెక్కపెట్టేలా ఉంటుంది. షాపులో పూలు, చేపలు చూపించినప్పుడు కళ్ళు జిగేల్మన్నాయి. అలాంటి తెర రాత్రి సీను రాగానే ఎందుకు చతికిలబడుతుంది? పెట్టె మీద 4కె అని రాసి ఉందిగా!

వచ్చేది బొమ్మ కాదు

4కె తెర మీద అడ్డంగా 3,840, నిలువునా 2,160 చుక్కలు ఉంటాయి. మొత్తం దాదాపు 83 లక్షలు. ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు కావాలి. ఒక్కో విలువను 10 బిట్లతో రాశామనుకుందాం. సిరీస్‌లు ఎక్కువగా సెకనుకు 24 ఫ్రేముల లెక్కన తీస్తారు. ఇదంతా గుణిస్తే సెకనుకు సుమారు 600 కోట్ల బిట్లు. మరి 4కె చూడాలంటే ఇంటర్నెట్ వేగం ఎంత ఉండాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది? సెకనుకు 15 మెగాబిట్లు, అంటే ఒకటిన్నర కోటి బిట్లు. నాలుగు వందల వంతుల్లో ఒక్క వంతు. మిగిలిన 399 వంతులు ఏమైపోయినట్టు?

సంక్రాంతి ముందు అక్క చెల్లెలికి ఫోన్లో ముగ్గు చెబుతుంది. “పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేదాకా సందు చుక్క పెట్టు. మధ్యలో పద్మం. చుట్టూ ఆరు చిలకలు, అన్నీ ఒకేలా.” ఫోన్లో వెళ్ళినది ముగ్గు కాదు, నాలుగు మాటలు. ముగ్గు వేసుకున్నది చెల్లెలు, తన వాకిట్లో, తన పిండితో. స్ట్రీమింగ్ కంపెనీ చేసేది సరిగ్గా అక్క పని. మన టీవీలోని చిప్పు చెల్లెలు.

అక్క ఎక్కడెక్కడ మాటలు ఆదా చేస్తుందో చూడండి. ముందుగా ఫ్రేమును గళ్ళుగా విడగొడుతుంది. కొన్ని సెకన్లకు ఒకసారి మాత్రమే ఫ్రేము మొత్తాన్ని వివరంగా చెబుతుంది. మిగతా ఫ్రేములకు ‘ఇందాకటి ముగ్గే, ఈ చిలకను మాత్రం కాస్త కుడికి జరుపు’ అన్నట్టు తేడాలే చెబుతుంది. ఇద్దరు మనుషులు సోఫాలో కూర్చుని మాట్లాడుకునే సీనుకు ఇక చెప్పాల్సింది ఎంతని? పెదవులు, కళ్ళు, చేతులు. వెనకున్న గోడ గురించి మళ్ళీ నోరు విప్పక్కర్లేదు.

ఇంకో ఆదా రంగుల్లో. మన కన్ను వెలుగునీడల గీతలను చాలా సన్నగా పట్టుకుంటుంది, రంగుల అంచులను అంత సన్నగా పట్టుకోలేదు. అందుకే వెలుగు విలువను ప్రతి చుక్కకూ పంపి, రంగు సమాచారాన్ని మాత్రం నాలుగేసి చుక్కలకు కలిపి ఒకటి పంపుతారు. దాదాపు ప్రతి స్ట్రీమింగ్ వీడియోలోనూ ఈ కోత ఉంటుంది. ఎవరూ కనిపెట్టరు.

మూడోది అసలు గారడీ. గడిలోని చుక్కలను ఒక్కొక్కటిగా చెప్పరు. ముందే ఒప్పుకున్న కొన్ని చారల నమూనాలుంటాయి, కొన్ని ముతకవి, కొన్ని సన్నవి. ఏ గడినైనా ఆ నమూనాలను తలా కొంత కలిపి తయారు చేయవచ్చు. ఏది ఎంత పాలు కలపాలో చెబితే చాలు. అందులో స్వల్పంగా ఉన్నవాటిని, ముఖ్యంగా సన్న చారలను, వదిలేసినా కంటికి పెద్దగా తెలియదు. ఆ వదిలేయడంలోనే ఎక్కువ బిట్లు మిగులుతాయి.

ఇంత తెలివైన అక్క కూడా ఓడిపోయే చోటు ఒకటుంది. గాలికి పిండి చెదిరిందనుకోండి. ఆ చెదిరిన తీరును ఫోన్లో చెప్పడం ఎవరి తరం? అందులో పద్మం లేదు, చిలక లేదు, రెండోసారి వచ్చేది ఏదీ లేదు. మంచు, పొగ, వాన, అలలు, ఆకులు, ఫిల్ము మీది రేణువులు అన్నీ ఈ జాతివే. ‘ది లాంగ్ నైట్’లో చీకటికి తోడు మంచు తుపాను, పొగ, మంటలు, కదిలే జనసమూహం. అన్నీ ఒకే ఎపిసోడ్‌లో కూడబలుక్కుని వచ్చాయి.

■ ‘మరీ సులువు’ అన్న ఐడియా

చారల నమూనాల పద్ధతి పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. కనిపెట్టింది బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్. అమెరికాలో క్యాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేస్తూ 1972లో ఈ ఆలోచనకు డబ్బు ఇవ్వమని నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు అర్జీ పెట్టారు. ఇది మరీ సులువుగా ఉందని వాళ్ళు తిరగ్గొట్టారు. ఆయన మానలేదు. తన విద్యార్థి టి. నటరాజన్, మిత్రుడు కె. ఆర్. రావుతో కలిసి 1974లో పరిశోధన పత్రం వేశారు. ఈ రావుగారి పూర్తి పేరు కమిశెట్టి రామమోహనరావు, టెక్సాస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్ శాఖలో ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఫోన్లో తీసే జేపెగ్ ఫొటో నుంచి నేటి వీడియో పద్ధతుల దాకా పునాదిలో ఉన్నది ఈ ముగ్గురి పనే. 2021లో అమెరికన్ సీరియల్ ‘దిస్ ఈజ్ అస్’ అహ్మద్ కథనే ఒక ఎపిసోడ్‌లో కలుపుకుంది. ఆయన గణితం లేకపోతే ఆ ఎపిసోడ్ మన తెరకు చేరేదే కాదు.

చీకటికే దెబ్బ ఎందుకు?

ఒక్క గడిని దగ్గరగా చూద్దాం. రాత్రి ఆకాశంలో ఒక ముక్క. మామూలు వీడియోలో వెలుగు విలువలు 16 దగ్గర మొదలై 235 దగ్గర ముగుస్తాయి. 16 అంటే కటిక నలుపు, 235 అంటే తెలుపు. మన గడి ఎడమ అంచున విలువ 22, కుడి అంచుకు వచ్చేసరికి 25. అంకెల్లో తేడా మూడే. బిట్ల కరువులో ఉన్న ఎన్‌కోడర్, అంటే మన అక్క, ‘మూడేగా, వదిలెయ్’ అనుకుని గడి మొత్తానికి 23 పూసేస్తుంది. పక్క గడిలో విలువలు 25 నుంచి 28 దాకా ఉంటే అక్కడ 26 పూస్తుంది. మెత్తగా జారాల్సిన నీడ ఇప్పుడు 23 నుంచి 26కు ఒక్క గెంతు గెంతింది. గెంతిన చోట నిలువు గీత పడింది. ఇలాంటివి వందలు కలిస్తే ఆకాశమంతా గళ్ళ లుంగీ.

ఇదే తేడా వెలుతురులో జరిగితే? విలువ 200 నుంచి 203కు మారితే తెర మీద వెలుగు పెరిగేది 4 శాతం. ఎవరికీ పట్టదు. 22 నుంచి 25కు మారితే పెరిగేది రెండున్నర రెట్లు! నలుపు 16 దగ్గర ఉంది కాబట్టి అసలు లెక్క 6 నుంచి 9 అన్నమాట. అంకెల్లో ఒకేలా కనిపించే తేడా వెలుగులో ఇంత వేరు. కొత్త ఎన్‌కోడర్లు చీకటి గళ్ళకు ప్రత్యేకంగా కాసిన్ని బిట్లు కేటాయిస్తాయి గానీ, మంచు తుపాను కూడా అదే జేబులోంచి తింటుంటే మిగిలేది కొంచెమే.

దీనికి మన టీవీ చేసే సాయం ఒకటుంది, చెడ్డ సాయం. షాపులో కళ్ళు చెదరాలని ‘వివిడ్’ లేదా ‘డైనమిక్’ అనే పిక్చర్ మోడ్ పెడతారు. అది నీడలను బలవంతంగా పైకి ఎత్తుతుంది. నలుపులో దాగి ఉండాల్సిన గళ్ళు బయటపడతాయి. ఇంటికి తెచ్చాక కూడా చాలామంది టీవీ అదే మోడ్‌లో ఉండిపోతుంది, ఏళ్ళ తరబడి.

గెంతు చిన్నది చేయాలంటే మెట్లు పెంచాలి. పాత 8 బిట్ల పద్ధతిలో నలుపు నుంచి తెలుపుకు 219 మెట్లు, 10 బిట్ల పద్ధతిలో 876. హెచ్‌డీఆర్ అని మనం వింటున్నది ఈ పదింటి మీదే నడుస్తుంది. అందులో పెద్ద మేలు మిలమిల మెరుపులు కాదని నా నమ్మకం. తెర వెలుగును ‘నిట్’లలో కొలుస్తారు. ఒక్క నిట్ కంటే తక్కువ వెలుగుండే గాఢమైన నీడలకు మామూలు వీడియోలో దక్కేవి 32 మెట్లు, హెచ్‌డీఆర్‌లో సుమారు 130. 2014లో ప్రమాణంగా నిలిచిన ఈ హెచ్‌డీఆర్ కొలబద్ద, కన్ను చీకట్లో ఎంత తేడాను గుర్తుపడుతుందో కొలిచి, దానికి తగ్గట్టు మెట్లు పేర్చింది.

పిండి చెదిరే సమస్యకూ ఒక ఉపాయం దొరికింది. 2018లో వచ్చిన ఏవీ1 అనే వీడియో పద్ధతిలో ఫిల్ము రేణువులను ముందే తుడిచేసి, శుభ్రమైన బొమ్మను పంపుతారు. పక్కన ‘రేణువు ఇంత సైజు, నీడల్లో ఇంత దట్టం’ అని చిన్న చీటీ. టీవీ ఆ చీటీ చూసి తనే రేణువులు చల్లుకుంటుంది. అవి అసలు రేణువులు కావు. అయినా చూసేవాడికి తేడా తెలియదు.

పూటకో నాణ్యత

ఎపిసోడ్ మొదలుపెట్టగానే కాసేపు మసకగా ఉండి తర్వాత తేరుకోవడం అందరం చూసిందే. కంపెనీ దగ్గర ఒక ఎపిసోడ్‌కు ఒకే ఫైలు ఉండదు. అదే ఎపిసోడ్‌ను తక్కువ బిట్ల నుంచి ఎక్కువ బిట్ల దాకా రకరకాల కాపీలుగా తయారు చేసి, ప్రతి కాపీనీ కొద్ది సెకన్ల ముక్కలుగా కోసి పెడతారు. మన యాప్ ఒక్కో ముక్కనూ అడుగుతూ, అది ఎంత త్వరగా వచ్చిందో చూసి, తర్వాతి ముక్క ఏ కాపీ నుంచి తేవాలో నిర్ణయించుకుంటుంది. ఆగిపోవడం కంటే మసకబారడం మేలని దాని సిద్ధాంతం. రాత్రి తొమ్మిదింటికి అపార్ట్‌మెంటంతా ఆన్‌లైన్లో ఉంటే చడీచప్పుడు లేకుండా కింది కాపీకి దిగిపోతుంది. ఆ దిగడం పగటి సీన్లలో తెలియదు. చీకటి సీనులో దొరికిపోతుంది.

దూరం మాత్రం మనం అనుకున్నంత లేదు. ఎపిసోడ్ అమెరికా నుంచి సముద్రం దాటి మన ఇంటికి రావడం లేదు. నెట్‌ఫ్లిక్స్ లాంటి సంస్థలు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీల ఆవరణలోనే తమ నిల్వ పెట్టెలు పెడతాయి. ఇబ్బంది ఎక్కువగా ఆఖరి పది అడుగుల్లోనే: రౌటర్ బీరువా వెనక ఉంటుంది, టీవీ గోడకు అవతల ఉంటుంది. టీవీకి కేబుల్ గుచ్చే సౌకర్యం ఉంటే గుచ్చడమే మంచిది. చాలా టీవీల్లో ఆ పోర్టు వేగం సెకనుకు 100 మెగాబిట్లే గానీ 15 కావలసిన చోట అది ధారాళం. మీ ప్లానులో అసలు 4కె ఉందో లేదో కూడా చూసుకోవాలి. చాలా యాప్‌లు దాన్ని ఖరీదైన ప్లానుకే ఇస్తాయి.

ఈ లెక్కన గంట 4కె స్ట్రీమింగ్‌కు 7 జీబీ దాకా డేటా ఖర్చవుతుంది. అదే 4కె డిస్కులో 66 లేదా 100 జీబీ చోటు ఉంటుంది. డిస్కులు కొనేవాళ్ళు ఇంకా ఎందుకున్నారో ఇక్కడే తెలుస్తోంది. వాళ్ళను చాదస్తులని నేను అనను.

హాల్లో ట్యూబ్‌లైట్

వాగ్నర్ మాటకు వద్దాం. ఆర్పేసిన టీవీ నల్లగా ఉంటుందని అనుకుంటాం. హాల్లో తెర మీద వంద లక్స్ వెలుగు పడుతోందనుకుందాం. అందులో 4 శాతాన్ని తెర అన్ని వైపులకూ తిరగ్గొడితే, ఆ ఆర్పేసిన టీవీయే 1.3 నిట్లతో వెలుగుతున్నట్టు లెక్క. ఇందాక నీడల కోసం కష్టపడి పేర్చుకున్న 130 మెట్లూ ఒక్క నిట్ లోపలివి. అన్నీ ఈ తిరుగు వెలుగులో మునిగిపోయాయి. ఎపిసోడ్‌కు తుది మెరుగులు దిద్దినవాళ్ళు చీకటి గదిలో, వేల డాలర్ల మానిటర్ ముందు కూర్చుని ఆ నీడలు సరిచూసుకున్నారు. ట్యూబ్‌లైట్ కింద అవి కనపడాలని కోరుకోవడం అన్యాయం. చూసేవాళ్ళ ఇళ్ళు ఎలా ఉంటాయో తెలిసీ అంత చీకటిగా తీయడం కూడా అంతే.

టీవీ రకం కూడా ముఖ్యమే. మామూలు ఎల్‌ఈడీ టీవీ నిజానికి ఎల్‌సీడీ తెర. వెనక దీపాలు వెలుగుతూనే ఉంటాయి, ముందున్న పొర వెలుగును అడ్డుకోవాలి. ఎంత అడ్డుకున్నా కొంత కారుతుంది. అందుకే చీకటి గదిలో దాని నలుపు బూడిదరంగులో ఉంటుంది. వెనక దీపాలను భాగాలుగా ఆర్పగలిగే టీవీల్లో ఇది మెరుగు. ఓఎల్‌ఈడీలో ఏ చుక్కకు ఆ చుక్కే వెలుగుతుంది, అక్కర్లేనప్పుడు పూర్తిగా ఆరిపోతుంది. చీకటి సిరీస్‌లు ఇష్టపడేవాళ్ళు డబ్బు పెట్టదలిస్తే ఇక్కడ పెట్టాలి.

చవక టీవీ మీది ‘హెచ్‌డీఆర్’ ముద్రను మాత్రం నమ్మకండి. ఎపిసోడ్‌ను వెయ్యి నిట్ల మెరుపు దాకా తయారు చేసి ఉంటే, మూడు వందల నిట్ల టీవీ దాన్ని ఎలాగో తన పరిధిలోకి కుదించుకోవాలి. కొన్ని టీవీలు మెరుపులను కాపాడబోయి మొత్తం బొమ్మనే మసకబారుస్తాయి. హెచ్‌డీఆర్10లో కార్యక్రమం మొత్తానికీ ఒకే సూచన వస్తుంది. డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10 ప్లస్ పద్ధతుల్లో సీనుసీనుకూ వేరు సూచన వస్తుంది కాబట్టి తక్కువ వెలుగుండే టీవీలకు అవి కాస్త దయ చూపుతాయి.

■ సోఫా ఎంత దూరం?

మంచి చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా తేడా పట్టగలదు. 55 అంగుళాల టీవీ వెడల్పు 122 సెంటీమీటర్లు. 4కె అయితే ఒక్కో చుక్క 0.32 మిల్లీమీటర్లు. అంత చిన్న చుక్క విడిగా తెలియాలంటే మూడున్నర అడుగుల లోపు కూర్చోవాలి. అదే సైజు ఫుల్ హెచ్‌డీ టీవీలో చుక్కలు రెట్టింపు పెద్దవి, ఏడు అడుగులు దాటితే కలిసిపోతాయి. మన హాళ్ళలో సోఫా తొమ్మిది పది అడుగుల్లో ఉంటుంది. అక్కడి నుంచి చూసి ‘4కె తేడా తెలుస్తోంది’ అంటున్నామంటే, తెలుస్తున్నది చుక్కల సంఖ్య కాదు. దాంతోపాటు వచ్చే ఎక్కువ బిట్లు, ఎక్కువ మెట్లు. 65 అంగుళాల 8కె టీవీలో మూడు కోట్ల ముప్పై లక్షల చుక్కలుంటాయి. వాటి ఫలం దక్కాలంటే రెండడుగుల దూరంలో కూర్చోవాలి.

కోట్ల సినిమా సీరియల్‌లా ఎందుకుంది?

చీకటితో సంబంధం లేని ఇంకో ఫిర్యాదు కూడా కొత్త టీవీ కొన్న ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. భారీ సినిమా కూడా మధ్యాహ్నం సీరియల్‌లా, సెట్టింగులో నటులు నడుస్తున్నట్టే కనిపిస్తుంది. సినిమా, సిరీస్‌లు సెకనుకు 24 ఫ్రేములు. మన టీవీ తెర సెకనుకు 60 లేదా 120 సార్లు తాజా అవుతుంది. 120 అయితే ఒక్కో ఫ్రేమును ఐదుసార్లు చూపిస్తే లెక్క సరిపోతుంది. 60 అయితే ఒక ఫ్రేమును రెండుసార్లు, తర్వాతిదాన్ని మూడుసార్లు చూపించాలి. కెమెరా పక్కకు తిరిగేటప్పుడు ఆ ఎగుడుదిగుడు కంటికి తగులుతుంది. దీన్ని నున్నగా చేయడానికి టీవీ రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేములను ఊహించి గీస్తుంది. ఎల్‌జీలో దీని పేరు ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, సామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్. మన సీరియళ్ళు ఏళ్ళ తరబడి సెకనుకు 50 సగం ఫ్రేముల వీడియోగా వచ్చాయి. ఆ నున్నటి కదలికకూ సీరియల్‌కూ మన మెదడులో ముడి పడిపోయింది. సినిమా అలా కదిలితే అదీ సీరియలే అనిపిస్తుంది.

దీని మీద 2018 డిసెంబరులో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీతో కలిసి ఏకంగా వీడియో విడుదల చేశాడు, ఆ సెట్టింగు ఆపేయమని. మరుసటి ఏడాది టీవీ తయారీదార్లు, సినిమావాళ్ళు కలిసి ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ తెచ్చారు. ఒక్క నొక్కుతో ఊహాఫ్రేములు, బలవంతపు పదును, నీడల ఎత్తివేత అన్నీ ఆగిపోతాయి. అది లేని టీవీల్లో ‘సినిమా’ లేదా ‘మూవీ’ మోడ్ దగ్గరి చుట్టం. మొదటిరోజు బొమ్మ పసుపుగా, మందంగా అనిపిస్తుంది. వివిడ్‌కు అలవాటుపడ్డ కళ్ళకు అది మామూలే, కొన్నాళ్ళు ఓపిక పట్టాలి. క్రికెట్‌కు మాత్రం పాత మోడే పెట్టుకోండి. బంతి వెంట చూపు పరుగెత్తేటప్పుడు ఆ నునుపు పనికొస్తుంది.

చివరగా ఒక మెలిక. చాలా టీవీలు మామూలు వీడియోకు, హెచ్‌డీఆర్‌కు, డాల్బీ విజన్‌కు సెట్టింగులను విడివిడిగా దాచుకుంటాయి. వార్తలు చూస్తూ మోడ్ మార్చినంత మాత్రాన రాత్రి సిరీస్‌కు అది వర్తించదు. హెచ్‌డీఆర్ ఎపిసోడ్ నడుస్తుండగా, తెర మూల ఆ గుర్తు కనిపించాక, మెనూలోకి వెళ్ళి మళ్ళీ మార్చాలి. డాల్బీ విజన్ వచ్చినప్పుడు మరోసారి.